బతికున్న మొకానికి పూలదండ

రాంజీకి కూసునుడు రాదు. తండాల ఎవల్నడిగినా ఇదే మాట చెప్తరు. పెండ్లి బంతిల కూసున్నా సగం తిని లేస్తడు. బస్సుల సీటు దొరికినా డోరు కాడ్నే నిలబడ్తడు. పట్టపగలు మంచం మీద కూసున్నడంటే జరమొచ్చినట్టే లెక్క. "ఈని కాళ్ళల్ల చక్రాలున్నయ్, కన్నతల్లి చూసుకోలే" అని పెండ్లాం యాకమ్మ ఊకే అంటుంటది.

గసొంటి మనిషిని కుర్చీల కూసోబెట్టిన్రు చూడున్రి, రెండేండ్లు! తాడుతోని కట్టెయ్యలేదు, తాళమెయ్యలేదు. దండమువెట్టి కూసోబెట్టిన్రు. నన్నడిగితే జైలే నయం. ఆడ ఎప్పుడిడుస్తరో ముందుగాల్నే చెప్తరు.

మానుకోట నుంచి బయ్యారం పోయే రోడ్డు మీద ఒక చౌరస్తాల దిగి, ఎర్రమట్టి తొవ్వ పట్టుకొని లోపలికి పోతే రాంజీ వాళ్ళ తండా. ఆ మట్టిల ఇనుమున్నదంటరు. ఉంటే ఉండనీ, తండోళ్ళకు అది చెప్పులకంటుకునుడు తప్ప ఇంకేం ఇయ్యలేదు. ఉన్న ఎకరం అరెకరంల మక్కనో పత్తో ఏసుకునుడు, అదైనంక కూలికి పోవుడు. ఆ కూలికి పోయేటోళ్ళకు పెద్ద రాంజీ. ముఠా మేస్త్రి.

పత్తి పగిలిందంటే జనగామ దిక్కు తోలుకపోయేటోడు. శివరాత్రి దగ్గరికొచ్చి మిరప ఎర్రవడ్డదంటే భూపాలపల్లి దాటి గోదారి ఒడ్డు చేన్లకు. డీసీఎం బండి మాట్లాడి, ఆడోళ్ళను, మొగోళ్ళను, చంటిపిల్లలను, గిన్నెలను, గోనెసంచులను ఎక్కించి, తను మాత్రం వెనుక గొలుసు పట్టుకొని నిలబడి పోయేటోడు. ఏ రైతు మాట మీదుంటడు, ఏ బోరు నీళ్ళు తాగొచ్చు, ఏ కొట్టంల తేళ్ళుంటయ్, అన్నీ ఎరికే. "రాంజన్న ముంగట నడిస్తే మనకేం రంది" అనేటోళ్ళు ఆడోళ్ళు. ఆ ముంగట నడుసుడే ఆయన బతుకు. చేను గట్టు మీద పొద్దుగాల ఆయన ముంగట, ముఠా అంత వెనుక. అప్పుడు చూడాలె ఆ మొకం, పెండ్లికొడుకు లెక్కుండేది.

పోయేటప్పుడు తొవ్వల చెల్పూర్ల బండి ఆపించేటోడు. ఆడ కరెంటు ప్లాంటుల అల్లుడు కాంట్రాక్టు పనోడు. పొగగొట్టాలు కనవడే రేకుల రూముల బిడ్డ భాగ్య ఉంటది. బిడ్డ చేతి చాయ నిలబడే తాగి, "మల్లొచ్చేటప్పుడు వస్త బిడ్డా" అని నెత్తి మీద చెయ్యివెట్టి బండెక్కేటోడు.

ఈ నడక ఆయనకు నెత్తురుల వచ్చింది. నిజాం సర్కారు కాలంల ఆయన తాతకు తాత జాల్యా నాయక్ అని ఒకాయనుండె. సముద్రం కాణ్ణుంచి ఉప్పు ఎద్దుల మీదేసుకొని, అడవులు కొట్టుకుంట పైకొచ్చేటోడట. వెనుక తండా మొత్తం ఎద్దులతోని, పిల్లాజెల్లలతోని. ముంగట జాల్యా నాయక్ ఒక్కడు, చేతిల కట్టె. నాయక్ ఏ వాగు కాడ నీళ్ళున్నయంటే ఆడ నీళ్ళుండేటియట. ఏ గుట్టల నడిమిట్ల సందున్నదంటే సందుండేదట. బయ్యారం గుట్టల నుంచి భూపాలపల్లి అడవిల పడే తొవ్వ ముందుగాల తొక్కింది ఆయన ఎద్దులే. తర్వాతెప్పుడో దొరలు దుర్భిణీలు పట్టుకొని ఆ గిట్టల జాడల్నే పోయిన్రట, కొత్త తొవ్వ కనిపెట్టినమని రాసుకున్నరట. రాసుకోనీ, కాయిదం వాళ్ళది, కలం వాళ్ళది.

ఆ జాల్యా నాయక్‌కు కష్టం పులితోని రాలే, దొంగలతోని రాలే. రైలుతోని వచ్చింది. మానుకోటకు రైలొచ్చినంక ఉప్పు రైలెక్కింది. ఎద్దులు ఉత్తగైనయ్. తండోళ్ళు అడివి నరికి గుడిసెలేసుకున్నరు. "నాయకా, ఇంగ తిరుగుడు బందు. అరుగు మీద కూసుండి మా తగువులు తెంపు" అన్నరు. ఒక్క వానకాలం కూసున్నడు. వానలు తెరిపియ్యంగనే ఒక ఎద్దు మీద ఉప్పు సంచేసుకొని "రైలు రాని దిక్కు తొవ్వ చూసొస్త" అని భూపాలపల్లి అడవిల పడ్డడు. అంతే. మల్ల రాలే. పులి తిన్నదని పక్కూరోళ్ళు కొందరు, అడివి జరమని కొందరు.

ఇంట్ల మాత్రం ఎవ్వరు ఏడ్వలే. ఆ ఇంటికొక కట్టుబాటున్నది. తొవ్వ చూడపోయినోని కోసం ఏడిస్తే వాని తొవ్వ మూసుకపోతదట. గందుకని పెండ్లాం ఏడ్వలే, కొడుకులు తల గీయించుకోలే, దినం చెయ్యలే. తరాలు గడిచినా జాల్యా నాయక్ సచ్చిండన్న మాట ఆ తండాల ఎవ్వరి నోట రాలే. చిన్నప్పుడు రాంజీ నాయినమ్మ ఈ కథ చెప్పి, చివరికి "ఇంకా రాలే" అనేది, జనగామ పోయినోడు బస్సు దొరక్క ఆగినట్టు.

ఇగ సురేందర్ సంగతి. తండా పిల్లగాడే, మానుకోటల ప్లాట్ల బేరం చేస్తడు, సర్పంచి గావాలని కోరిక. చెడ్డోడు కాదు. చెడ్డోడైతే రాంజీ ఎన్నడో ఎదురు తిరిగేటోడు. ప్రేమగా పట్టుకున్నోని చేతిల నుంచే ఇడిపించుకునుడు కష్టం. సురేందర్ ఒకనాడు ఎవరో లీడర్ కాడికి పోయి తండాకు రోడ్డడిగిండు. "మీ తండాకు చరిత్రేమన్న ఉన్నదా?" అన్నడట ఆ లీడర్. చరిత్ర ఉంటెనే రోడ్డేస్తరా అని సురేందర్ అడగలే. "ఉన్నది సార్, జాల్యా నాయక్" అన్నడు. ఆడికెళ్ళి పుట్టింది చౌరస్తాల విగ్రహం మాట.

విగ్రహం చేసే రాజలింగం జనగామల ఉంటడు. "ఫొటో తెండ్రి" అన్నడు. నిజాం కాలపోనికి ఫొటో యాడికెళ్ళి తెస్తరు? సురేందర్ రాంజీని తోలుకపోయి నిలబెట్టిండు. "అదే నెత్తురు, అదే ఎత్తు. ఆ మీసం చూడు, గుబురుగ చెవుల దాక! ఈని మొకమే పెట్టు."

రాజలింగం మట్టి చేతులు తుడుచుకుంట అన్నడు: "సురేందరన్నా, బతికున్నోని మొకం పెట్టుడు మంచిది గాదే. మా నాయిన ఎన్నడు చెయ్యలే."

"గవన్ని పాత మాటలన్నా. జర కానియ్."

స్టూలు మీద కూసోబెట్టిన్రు రాంజీని. కదిలినప్పుడల్లా రాజలింగం "కదలకు నాయకా" అనేటోడు. చెంప మీద ఈగ వాలినా కొట్టుకోనియ్యలే. అప్పుడే రాంజీ మనసుల ఏదో కలుక్కుమన్నది, కాని తండాకు రోడ్డొస్తదన్నరు కదా అని ఓర్సుకున్నడు.

విగ్రహం లేవంగనే నసాబు కూసున్నది. నసాబంటే తండా పెద్దమనుషుల పంచాయితీ. సురేందర్ నిలబడి చెప్పిండు: "ఇగ రోజు లీడర్లొస్తరు, అధికారులొస్తరు. నాయక్ వంశపోడు ముంగట కుర్చీల ఉండాలె. పొద్దుగాల లీడర్ పక్కపొంటి కూసున్నోడు, మాపటికి ఎవని చేన్లనో మిరపకాయ తెంపుతుంటే తండా ఇజ్జత్ ఏమైతది? రాంజన్న మేస్త్రి పని ఇడవాలె. ఇంటికింత బియ్యం మనమే ఇద్దాం." అందరు నిజమే అన్నరు. రాంజీ చేతిల ఉప్పు పోసిన్రు. ఉప్పు మోసి బతికిన జాతి, ఉప్పు పట్టి చెప్పిన మాట తప్పితే తండాల నీళ్ళు పుట్టయ్. "నాయక్ పేరు మీద ఏ శుభకార్యమైనా ముంగట కుర్చీల నేనుంట" అన్నడు రాంజీ. అన్నంక చేతిల ఉప్పు చూసుకున్నడు. చెమటకు అప్పటికే కరుగుతున్నది.

రోడ్డు శాంక్షనన్నరు, కుర్చీ. శంకుస్థాపనన్నరు, కుర్చీ. జయంతన్నరు! జాల్యా నాయక్ ఎన్నడు పుట్టిండో వాళ్ళమ్మకే యాది లేదు, వీళ్ళు తారీఖు పెట్టిన్రు. తెల్ల ధోతి, ఎర్ర రుమాలు, చేతిల కట్టె. వచ్చినోడల్ల పక్కకు నిలబడి సెల్ఫీ తీసుకునుడు. "మీసం జర దువ్వు నాయకా" అనుడు. గంగిరెద్దుకైనా ఇల్లిల్లు తిరిగే సుఖముంటది, ఈనకు అది గూడ లేకపాయె. హోటల్ల చాయ తాగుదామన్నా "నాయక్ బెంచీ మీద కూసుంటడా" అని ఇంటికే పంపేటోళ్ళు. చేనుకు పోతానంటే "మేం చూసుకుంటం గద" అనేటోళ్ళు. కాళ్ళు వాచినయ్. నడిచి నడిచి వాచిన కాళ్ళు ఎన్నడు చూడలే, కూసుండి వాచిన కాళ్ళు చూసిండు. ముఠాను ఇంకొకడు తోలుకపోయిండు, రైతు కాడ లొల్లయి సగంల తిరిగొచ్చిన్రు. ఆడోళ్ళు రాంజీ వాకిలి ముంగట్నుంచే ఉత్త సంచులతోని పోయిన్రు. అది ఆయనకు బాగ సలిపింది.

యాకమ్మ బాధ ఇంకో తీరు. చౌరస్తాల విగ్రహానికి పొద్దున్నే ఎవరో ఒకరు దండేస్తరు. మొగని మొకం, మొగని మీసం, మెడల బంతిపూల దండ! మనకు దండేసిన ఫొటో అంటే ఏంది అర్థం? బస్సెక్క పోయినప్పుడల్ల ఆమె కొంగు కండ్లకడ్డం పెట్టుకొని దాటేది. ఇంటికొచ్చినంక మొగని రెక్క పట్టి గిల్లి చూసేది. రాంజీ "అబ్బ" అంటే గాని పొయ్యి కాడికి పోయేది కాదు.

మొన్న దసరా దాటినంక చెల్పూర్ల భాగ్యకు బిడ్డ పుట్టింది. యాకమ్మ పోయి పురుడు చేసొచ్చింది. రాంజీని పోనియ్యలే, ఆ వారం ఎవరో పెద్దసారొస్తడన్నరు. ఫోన్ల చూపిచ్చింది భాగ్య. "బాపూ, అచ్చం నీ నొసలే. ఈసారన్న మిరపకోతకు వస్తవ్ గద, అప్పుడెత్తుకుందువు" అన్నది. రాంజీ ఫోన్లకు చూసుకుంట "వస్త బిడ్డా" అన్నడు. కుర్చీలున్నోడు యాడికెళ్ళి పోతడు?

ఒకసారి పోయిండు గూడ. చెప్పకుండ భూపాలపల్లి బస్సెక్కిండు. నెత్తికి తువ్వాల చుట్టుకున్నడు గాని మీసం యాడ దాస్తడు? కండక్టర్ టికెట్ కొట్టబోయి "అరె, చౌరస్తా నాయక్ గద!" అన్నడు. బస్సంత లేచింది. ఒకాయన సీటిచ్చిండు, ఒకామె పిల్లగాణ్ణి తెచ్చి కాళ్ళు మొక్కిచ్చింది, ఇంకొకడు ఫొటో తీసి వాట్సప్‌ల పెట్టిండు. ములుగు దాటకముందే సురేందర్ కారొచ్చి బస్సుకడ్డం ఆగింది. "ఏందన్నా గిట్ల, నాకు చెప్తే కారే పంపుతుంటి గద" అని చెయ్యి పట్టి దించి, ఏసీ పెట్టి, వాపస్ తండాకు తెచ్చిండు. ఒక్క తిట్టు తిట్టలే. తిడితే గదా మనిషి తిరగబడేది!

శివరాత్రి దగ్గరవడ్డది. రోడ్డు పనైంది. లీడరొచ్చి రిబ్బన్ కత్తిరిస్తడన్నరు. అది అయిపోతే ఇడుస్తరని రాంజీ ఆశపడ్డడు. సురేందర్ ఇంటికొచ్చి కొత్త ధోతి చేతిల పెట్టి అన్నడు: "అన్నా, ఇగ కమ్యూనిటీ హాల్ అడుగుతున్నం. అదొస్తే బడి. నువ్వుంటే మనకు కానిదే లేదు."

రాంజీ మొకం నల్లగైంది. ఆ వారంలనే డీసీఎం మిరపకోతకు పోతది. వాకిట్ల ముఠా ఆడోళ్ళు నిలబడి చూస్తున్నరు, వస్తడా రాడా అని. "సురేందరూ, ఈ ఒక్క మిరపకోతకు పోనియ్యరా. మనుమరాలిని గూడ చూడలే" అన్నడు.

"మనుమరాలిని ఈడికే తెప్పిద్దాం అన్నా. స్టేజి మీద నీ ఒళ్ళె కూసోబెడ్దాం, ఫొటో మస్తుంటది."

యాకమ్మ అప్పటిదాక గోడకానుకొని విన్నది. ఆ మాటతోని లేచింది చూడున్రి, కడుపుల ఉన్నదంత బయటికొచ్చింది. "నోరు మూసుకోరా! నేను బతికుండంగ నా మొగని మొకానికి రోజు దండేస్తున్నరు. దండేసినోళ్ళు ఊకుంటరెందుకు, దినం గూడ చెయ్యున్రి! వండి పెట్టున్రి కాకులకు! ఇగ నా పసిపిల్లను గూడ తెచ్చి ఆ దండ కింద కూసోబెడ్తవా?" అని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది.

సురేందర్ "వదినె పరేషాన్ల ఉన్నది" అని మెల్లగ జారుకున్నడు. రాంజీ ఆన్నే నిలబడ్డడు. దినం గూడ చెయ్యున్రి. ఆ మాట ఆయన చెవుల తిరుగుతున్నది. జాల్యా నాయక్ ఎందుకు పోయిండో ఆయనకు ఇన్నేండ్లకు సమజైంది. తొవ్వ కోసం పోలే. అరుగు మీద కూసోబెట్టిన్రని పోయిండు. గా పారిపోయినోణ్ణి పట్టుకొచ్చి కాళ్ళను సిమెంట్ల పాతిపెట్టిన్రు గదా అనుకునేసరికి, ఎన్నడు చూడని ఆ మనిషి కోసం రాంజీకి దుఃఖమాగలే.

తెల్లారి పొద్దెక్కినంక చౌరస్తాకు పోయిండు. విగ్రహానికి ఎదురుంగనే సమ్మయ్య సెలూన్. కుర్చీల కూసున్నడు, అదొక్కటే ఇష్టమై కూసున్న కుర్చీ. "తల గియ్. మీసం తియ్" అన్నడు.

సమ్మయ్య చేతిల కత్తి ఆగింది. మనకాడ పెద్దమనిషి మీసం తీసిండంటే ఇంట్ల ఎవరో పోయినట్టే. "అయ్యో, ఎవలన్నా? వదినె మంచిగున్నదా?"

"మంచిగున్నది. మా పెద్దాయన పోయిండు. నువ్వు కానియ్."

నున్నటి తలకాయతోని, బోడి మూతితోని రాంజీ తండాల అడుగువెట్టేసరికి లొల్లి లొల్లి. చేతులల్ల పని ఇడిచి ఉరికొచ్చిన్రు. నసాబు పెద్దలొచ్చిన్రు, సురేందరొచ్చిండు. "ఎవరు పోయిన్రు రాంజీ?"

"జాల్యా నాయక్" అన్నడు రాంజీ.

సురేందర్ వచ్చి రాంజీ రెక్క పట్టుకున్నడు. "నీకేమన్న పిచ్చిలేసిందానే? నిజాం కాలంల పోయినోనికి ఇయ్యాల దినమా?"

"ఇంతకాలం రానోడు ఇగేమొస్తడు సురేందరూ? ఎదురుచూసుడు చాలు. మీరు దండేసిన్రు, నేను దినం చేస్తున్న. తప్పా?" అని పెద్దల దిక్కు తిరిగిండు. "నేను ఉప్పు పట్టి మాటిచ్చిన, తప్పను. శుభకార్యంల ముంగట కుర్చీల ఉంటనన్న. సావు పడ్డింటోడు యాడాది మాసికం దాక శుభకార్యంల ముంగట కూసోవచ్చునా, మీరే చెప్పున్రి. కుర్చీల కూసోనోడు తండా బియ్యం తినొచ్చునా? నా కూలి నేను చేసుకోవాల్నా వద్దా?"

పెద్దలేమని కాదంటరు? కట్టుబాటు వాళ్ళదే. కాని అంత తొందరగ తెగేటట్టు లేకుండె. అప్పుడు కట్టె పట్టుకొని లచ్చమ్మ ముంగటికొచ్చింది. తండాల అందరికన్న పెద్ద ముసలామె, ఆ ఇంటి కోడలే. "మా అత్త సచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకొని అన్నది. ఆయనకు పిడికెడు మట్టి పడలే, ఒక్క కన్నీటి బొట్టు పడలే, ఆయన యాడ తిరుగుతున్నడో అన్నది" అని కూలవడి, రాంజీ మెడ పట్టుకొని ఏడుపందుకున్నది. పదం కట్టి, పేరు పెట్టి, ఎద్దును యాది చేసి, ఉప్పు సంచిని యాది చేసి. యాకమ్మ వచ్చి పక్కన కూలవడ్డది. ముఠా ఆడోళ్ళందరొచ్చి చేతులు మెడల మీదేసుకున్నరు. తరతరాల సంది ఆపుకున్న ఏడుపు అది, ఒక్కపారి తెగింది. మొగోళ్ళు గూడ కండ్లు తుడుచుకున్నరు. సురేందర్ కొద్దిసేపు ఫోను పట్టుకొని నిలబడ్డడు, తర్వాత జేబుల పెట్టుకొని తల వంచుకున్నడు. ఎంతైనా ఆని పెద్ద గూడ కదా.

మూడోనాడు దినం చేసిన్రు. ఉప్పు, జొన్నరొట్టె, బెల్లం పెట్టిన్రు. కాకి వచ్చి ముట్టింది. "ఇగ పోయిండు" అన్నది లచ్చమ్మ. రోడ్డు రిబ్బన్ కాడ ఏ మొకం పెట్టుకున్నరో, ఎవని కూసోబెట్టిన్రో రాంజీ అడగలే. అప్పటికే డీసీఎం మాట్లాడిండు.

బండి పొయ్యే దినం చౌరస్తాల ఆగింది, ఎవరో నీళ్ళ క్యాను మర్చిపోయిన్రని. రాంజీ దిగి విగ్రహం ముంగట నిలబడ్డడు. ఆడ సిమెంటు మనిషి, చెవుల దాక మీసం, మెడల వాడిన బంతిపూలు. ఈడ బోడి మూతి ముసలాయన, కూలోని లుంగీ. అదే టయానికి ఒక సారు బడిపిల్లలను తోలుకొచ్చి వరుసల నిలబెట్టి చెప్తున్నడు: "జాల్యా నాయక్ మహా సంచారి. ఒక్క తాన నిలవని మనిషి. ఈ మొకంల ఆ పౌరుషం చూడున్రి. గసొంటి మనుషులు ఇప్పుడు లేరు." ఫోను తీసి అటు చూసి ఇటు చూసి, రాంజీ దిక్కు చెయ్యి ఊపిండు. "ఓ పెద్దమనిషీ, జర పక్కకు జరుగు, ఫొటోల అడ్డమొస్తున్నవ్."

రాంజీకి నవ్వొచ్చింది, ఆపుకుందామన్నా ఆగలే, కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. "జరుగుత సారూ, జరుగుత. రెండేండ్ల సంది ఈ మాట అన్నోడు లేడు" అన్నడు.

ఉరికి బండెక్కి, వెనుక గొలుసు పట్టుకొని నిలబడి, రేకు మీద చెయ్యేసి కొట్టిండు. "పోనియ్. చెల్పూర్ల జర ఆపాలె."